సెలవు ఎవరిచ్చారు? మూడు డబ్బాల ప్రాజెక్టు డైరీ

2025 అక్టోబర్ 11, శనివారం

కొత్త ప్రాజెక్టు మొదలైంది. మొదలైన రోజే సగం మూలన పడింది, అది వేరే సంగతి.

తెలియని వాళ్ల కోసం ఒక ముక్క: విశాఖలో మత్స్యకారులుండే పెదజాలరిపేట దగ్గర ఒక కమ్యూనిటీ హాల్లో బుధ, శనివారాలు సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా ఇంగ్లీష్ చెబుతున్నాను. పంతొమ్మిది మంది పిల్లలు, ఎనిమిది, తొమ్మిది తరగతులు. పగలు నాది లెక్కలు రాసే ఉద్యోగం, టీచర్ ట్రైనింగ్ ఏమీ లేదు, కాబట్టి ఇక్కడ రాసేవన్నీ చేతులు కాల్చుకుని తెలుసుకున్నవే. వీళ్ల సోషల్ పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ అదే తెలుగులో ఉంటుంది. పిల్లలు తెలుగు పేజీ చదివి అర్థం చేసుకుంటారు, ఇంగ్లీష్ పేజీ బట్టీ పడతారు, పరీక్ష రాసేస్తారు. మధ్యలో కుట్టు దాటి ఆ పేజీలోంచి ఈ పేజీలోకి వచ్చేవాళ్లు లేరు. నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం నాటికి ఒక్కొక్కరూ లెజిస్లేచర్, ఎగ్జిక్యూటివ్, జుడీషియరీ (చట్టం చేసేది, అమలు చేసేది, తీర్పు చెప్పేది) గురించి సొంత ఇంగ్లీష్‌లో ఐదు వాక్యాలు చెప్పాలి, తప్పులున్నా పర్లేదు, బట్టీ మాత్రం కుదరదు. ఇదీ ప్లాను.

నెట్‌లో వెతికితే చెట్టు బొమ్మ దొరికింది. కాండం రాజ్యాంగం, పైన మూడు కొమ్మలు. రెండు రాత్రులు కూర్చుని థర్మోకోల్‌తో కోసి, ఆకుపచ్చ రంగేసి తీసుకెళ్లాను. అది అమెరికా చెట్టని నాకు తట్టలేదు. ఒక కొమ్మ మీద 'కాంగ్రెస్' అని ఉండిపోయింది. "కాంగ్రెస్ అంటే పార్టీ కదా మేస్టారూ, దానికో కొమ్మ ఇచ్చీసారేటి?" అన్నాడు కిటికీ పక్కన కూర్చునే మాటకారి. సరే, అది చెరిపి పార్లమెంట్ అని రాశాను. అప్పుడు ముందు వరస అమ్మాయి, ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన కూతురు, చెయ్యెత్తి అడిగింది: "మంత్రి ఏ కొమ్మ మీదుంటాడు సార్?"

అక్కడ దొరికిపోయాను. అమెరికాలో మంత్రి లాంటి పదవిలో ఉన్నవాళ్లు కాంగ్రెస్‌లో సభ్యులుగా ఉండకూడదు. మన దగ్గర దానికి పూర్తిగా తిరగేసి, మంత్రి అయినవాడు చట్టసభలో సభ్యుడై ఉండాలి, కాకపోతే 6 నెలల్లో అవ్వాలి, లేదంటే పదవి పోతుంది. అంటే మన మంత్రి ఒక కాలు ఈ కొమ్మ మీద, ఒక కాలు ఆ కొమ్మ మీద పెట్టి నిలబడ్డ మనిషి. థర్మోకోల్ మంత్రిని అలా నిలబెట్టబోతే కొమ్మ విరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చెట్టు ఇప్పుడు మా ఇంట్లో మంచం కింద ఉంది.

అక్టోబర్ 15, బుధవారం

ఇవాళ మాటల పని. మొన్న ఆదివారం మన ఊళ్లో ఆడవాళ్ల వరల్డ్ కప్ మ్యాచ్‌లో మనవాళ్లు 330 కొట్టి కూడా ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయిన బాధలో ఉన్నారు అందరూ, కాబట్టి అంపైర్‌తో మొదలుపెట్టాను, అంపైర్ అంటే జడ్జి లాంటివాడు, రూల్ తను రాయడు అని. ఐదు నిమిషాలు బాగానే నడిచింది. తర్వాత "ఔట్ ఇచ్చేదీ ఆయనే, బయటికి పొమ్మనేదీ ఆయనే, అంటే పోలీసు కూడా ఆయనే కదా" అన్నారు. క్రికెట్ అక్కడితో ఆపేశాను. ఎవరైనా ఈ ఉదాహరణ వాడదామనుకుంటే మానుకోండి.

అసలు సంగతి ఏంటంటే, ఈ పాఠంలో ఇంగ్లీష్ మాటలు పిల్లలకు రావు అనుకుని వెళ్లాను. అన్నీ వచ్చు, వేరే అర్థాలతో వచ్చు. ఎగ్జిక్యూటివ్ అంటే ఎవరు అంటే "మా అన్నయ్య సార్, డెలివరీ ఎగ్జిక్యూటివ్." బిల్లు అంటే కరెంటు బిల్లు. క్యాబినెట్ అంటే టీవీ పెట్టుకునే చెక్క బీరువా. బెంచ్ అంటే కూర్చునేది. స్పీకర్ అంటే వినాయక చవితి పందిట్లో మోగేది. సెంటెన్స్ అంటే వాక్యం, మరి జడ్జి సెంటెన్స్ ఇచ్చాడంటే డిక్టేషన్ చెప్పాడనుకున్నారు. ఇక 'మోషన్' దగ్గర క్లాసు ఒక పది నిమిషాలు చేతుల్లోంచి జారిపోయింది, ఎందుకో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. మొన్న ఏప్రిల్లో మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో మేయర్ మీద నెగ్గింది నో కాన్ఫిడెన్స్ మోషనే, అంటే అవిశ్వాస తీర్మానమే అని చెప్పాక వెనక వరస ఇంకా ఎక్కువ నవ్వింది. నవ్వనిచ్చాను. ఆ మాట ఇక జన్మలో మర్చిపోరు.

వచ్చిన అర్థం తుడిచేసి కొత్తది పెట్టడం కంటే, వచ్చినదాని మీదే నిలబెట్టడం తేలిక. డెలివరీ ఎగ్జిక్యూటివ్ ఏం చేస్తాడు? వండడు, ధర పెట్టడు, ఎవరో పెట్టిన ఆర్డర్‌ని ఇంటికి చేరుస్తాడు. అసెంబ్లీ చేసిన చట్టాన్ని ఇంటిదాకా తెచ్చేవాళ్లు ఎగ్జిక్యూటివ్. పూర్తిగా సరిపోదు, తెలుసు, కానీ ఆ పిల్లాడు వాళ్లన్నయ్య పేరు క్లాసులో వినబడ్డందుకు నిటారుగా కూర్చున్నాడు.

మా ఆవిడ స్కూల్లో సోషల్ చెబుతుంది. ఈ కబురంతా చెబితే, "ఇంగ్లీష్ మాటల్ని ఆడిపోసుకుంటున్నారు, తెలుగు మాటేమైనా తక్కువా? శాఖ అంటే బ్రాంచీ అదే, డిపార్ట్‌మెంటూ అదే" అంది. నిజమే. శాసనశాఖ, కార్యనిర్వాహక శాఖ, న్యాయశాఖ అని మూడే అంటాం, మళ్లీ విద్యాశాఖ, విద్యుత్ శాఖ అంటాం. ఈ క్లాసులో పిల్లలకు అన్నింటికంటే బాగా తెలిసిన శాఖ మత్స్యశాఖ. అది నాలుగోదా అని ఎవరో అడిగేదాకా ఆగకుండా నేనే ముందు చెప్పేయాలి.

అక్టోబర్ 18, శనివారం

దీపావళి ముందు శనివారం. ఏడుగురు వచ్చారు, అందులో ఇద్దరి జేబుల్లో టపాకాయలు. పాఠం లేదు.

అక్టోబర్ 28, మంగళవారం

మొంథా తుపాను. నిన్నటి నుంచి వాన, గాలి. రేపటి క్లాసు లేదని గ్రూపులో పెట్టాను. దానికి ముందే, ఆదివారమే, మాటకారి నుంచి మెసేజ్ వచ్చింది. అక్షరాలా ఇలా ఉంది: 'సార్ టుమారో హాలిడే గేవ్.'

ఎవరు గేవ్? అని తిరిగి పెట్టాను. 'గవర్నమెంట్ సార్.' గవర్నమెంట్‌లో ఎవరు? చాలాసేపు టైప్ చేస్తున్నట్టు చూపించింది, చివరికి నమస్కారం బొమ్మ వచ్చింది.

రాత్రంతా కిటికీ రెక్కలు కొట్టుకుంటుంటే దీని గురించే ఆలోచిస్తూ పడుకున్నాను. తప్పు ఇంగ్లీష్‌లో లేదు. వాడు తెలుగులో అనుకున్నది 'రేపు సెలవు ఇచ్చారు.' అందులో ఎవరు అనేది లేనే లేదు, అయినా వాక్యానికి ఏ లోటూ లేదు. మనం రోజంతా ఇలాగే మాట్లాడతాం కదా, రోడ్డు వేశారు, పెన్షన్ ఇచ్చారు, కుళాయి ఆపేశారు, కేసు పెట్టారు, వదిలేశారు. ఎవరు? వాళ్లు. పైవాళ్లు. ఆ 'ఆరు' అనే ప్రత్యయంలో మర్యాదా ఉంది, మందీ ఉన్నారు, మనిషి మాత్రం కనబడడు. ఇంగ్లీష్‌లో అది సాగదు, వాక్యం మొదట్లోనే ఒకణ్ని నిలబెట్టాలి. నిలబెట్టాలంటే తెలియాలి. అంటే ఈ పిల్లలకు గ్రామర్‌లో సబ్జెక్ట్ ఎక్కడ ఎగిరిపోతోందో, సోషల్‌లో మూడు శాఖలు కూడా సరిగ్గా అక్కడే కలగాపులగం అవుతున్నాయి. రెండు పాఠాలు అనుకున్నది ఒకటే పాఠం.

చెట్టు పోయింది కాబట్టి ఇప్పుడు వేరే సామాను కావాలి.

నవంబర్ 1, శనివారం

సామాను: దీపావళికి వచ్చిన స్వీట్ డబ్బాలు మూడు, పాత శుభలేఖలు ఒక కట్ట (వెనకవైపు తెల్లగా, మందంగా ఉంటాయి, ఇంతకంటే మంచి కార్డులు డబ్బిచ్చినా దొరకవు), స్కెచ్ పెన్నులు. ఖర్చు నలభై రూపాయలు. డబ్బాల మీద మేక్స్, రన్స్, జడ్జెస్ అని మూడు క్రియలు రాశాను. నామవాచకాలు కావాలనే రాయలేదు, లెజిస్లేచర్ అనే మాట చూడగానే వీళ్లు బట్టీ గొంతులోకి వెళ్లిపోతారు.

ఆట ఇది. నేను తెలుగులో ఎవరూ లేని వాక్యం చెబుతాను. పిల్లలు ఎవరో కనుక్కుని, కార్డు మీద ఇంగ్లీష్‌లో రాసి, సరైన డబ్బాలో వేయాలి. మొదటిది తుపాను సెలవే. కలెక్టర్ గారు ఇచ్చారు. దేంతో ఇచ్చారు? విపత్తు నిర్వహణ చట్టం, 2005లో పార్లమెంట్ చేసింది, దాని ప్రకారం జిల్లా విపత్తు సంస్థకు కలెక్టరే చైర్మన్. 'పార్లమెంట్ మేడ్ ద లా. కలెక్టర్ గేవ్ ద హాలిడే.' రెండు కార్డులు, రెండు డబ్బాలు. మూడో డబ్బాకి ఏం లేదా అంటే, ఉత్తర్వు తప్పనిపించినవాడు హైకోర్టుకి వెళ్లొచ్చు అన్నాను. "సెలవు వద్దని కోర్టుకెల్లే వెర్రోడు ఎవడుంటాడు మేస్టారూ" అని అంతా ఒకేసారి.

రెండోది వేట నిషేధం. ఇక్కడ నా పాత్ర అయిపోయింది, వాళ్లే చెప్పారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, మర పడవలు కదలకూడదు, చేపలు గుడ్లు పెట్టే కాలం. నాకు తెలిసింది కాగితం సంగతి: రాష్ట్ర అసెంబ్లీ 1994లో చేసిన సముద్ర వేట నియంత్రణ చట్టం ఉంది, దాని కింద ఏటా ఉత్తర్వు ఇచ్చేది ప్రభుత్వం, హార్బర్‌లో అమలు చేసేది మత్స్యశాఖ. అంటే మత్స్యశాఖ నాలుగో శాఖ కాదు, రన్స్ డబ్బాలోదే. అప్పుడు ఎప్పుడూ నోరు విప్పని ఒక పిల్లాడు, వాళ్ల నాన్నకి బోటుంది, "పన్నెండు మైళ్లు దాటితే సెంట్రల్ ది సార్" అన్నాడు. నిజమే, 12 నాటికల్ మైళ్ల దాకా రాష్ట్రానిది, అవతల కేంద్రానిది, రాజ్యాంగంలో చేపల వేట అటు కేంద్ర జాబితాలోనూ ఇటు రాష్ట్ర జాబితాలోనూ రెండు ముక్కలుగా ఉంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇది పుస్తకంలో లేదు, ఇంట్లో ఉంది.

అయితే ఇప్పుడు మూడు డబ్బాలు చాలవు, కేంద్రానికి మూడు, రాష్ట్రానికి మూడు, ఆరు కావాలి.

ఇంకొకడు రింగు వలల గొడవ ఎత్తాడు, ఆ వలలు వాడొచ్చా లేదా అని మత్స్యకారుల మధ్యే నడిచిన గొడవ. 2022 జనవరిలో ఇక్కడేం జరిగిందో ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు, రెండు వైపుల ఇళ్ల పిల్లలూ నా క్లాసులో ఉన్నారు. అది పాఠానికి భలే సరిపోయే ఉదాహరణ, అందుకే వాడలేదు. ఇంకో కార్డు తీశాను.

నవంబర్ 5, బుధవారం

ఆరు డబ్బాలు. వాటిని కలపాలి, ఎందుకంటే విడివిడిగా పెడితే ఒకదానికొకటి సంబంధం లేనట్టుంది. దారం కట్టి, ఒక డబ్బా లాగితే మిగతావి కదిలేలా చేద్దామనుకుని పురికొస తీసుకెళ్లాను. నేను కట్టిన ముడి రెండుసార్లు ఊడింది. ఆ బోటు పిల్లాడు లేచి వచ్చి, "అలాక్కాదు సార్" అని నా చేతిలోంచి తీసుకుని, పురికొస చూసి పక్కన పడేసి, పరిగెత్తి ఇంటికెళ్లి నీలం రంగు నైలాన్ వల దారం తెచ్చాడు. ఎడమచేతి చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టి, బొటనవేలితో నొక్కిపెట్టి, కుడిచేత్తో దారం కొనని కింద నుంచి తెచ్చి ఉచ్చులో దూర్చి, పళ్లతో కొస పట్టుకుని లాగాడు, ఒక్కొక్క ముడికి మూడు సెకన్లు పట్టి ఉంటుందేమో, కళ్లు మాత్రం ముడి మీద లేవు, గోడ గడియారం మీద ఉన్నాయి. పన్నెండు ముళ్లు. ఒక్కటీ ఊడలేదు.

"ఇది ఇంగ్లీష్‌లో చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి, "ఐ టై. బాక్స్ నాట్ గో" అన్నాడు. గ్రామర్ లేదు గానీ సబ్జెక్ట్ ఉంది. చాలు.

ఆ దారం మీద చెప్పినవి: మంత్రివర్గాన్ని అసెంబ్లీ దించేయగలదు, అదే ఆ మోషన్. చట్టం రాజ్యాంగానికి విరుద్ధంగా ఉంటే కోర్టు కొట్టేయగలదు. జడ్జిని తీసేయాలంటే పార్లమెంట్ ఉభయ సభలూ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేయాలి, అది చిన్న విషయం కాదు. మంత్రులు ఇష్టమొచ్చినంత మంది ఉండటానికి లేదు, 2003లో వచ్చిన 91వ సవరణ ప్రకారం సభలో 15 శాతం మించకూడదు. మన అసెంబ్లీ 175. లెక్క వేయమన్నాను. 26.25 వచ్చింది. ఆ పావు మంత్రి ఎవరా అని కాసేపు చర్చ. ముఖ్యమంత్రితో కలిపి 26 దాటకూడదు అని రాయించాను, 'షల్ నాట్ ఎక్సీడ్' అనే మాట కూడా ఇక్కడే పని చేసింది.

శాసనమండలి గురించి ఒక్క ప్రశ్న వచ్చింది, రెండు సభలెందుకని. 1985లో తీసేశారు, 2007లో తెచ్చారు, 2020లో మళ్లీ తీసేద్దామని అసెంబ్లీ తీర్మానం చేసింది, 2021లో వెనక్కి తీసుకుంది అని చెప్పాను. చెప్పాక చూసుకుంటే నేనూ "తీసేశారు, తెచ్చారు" అనే అన్నాను. ముందు వరస అమ్మాయి వదల్లేదు: "ఎవరు సార్?"

నవంబర్ 8, శనివారం

ఉత్త అసెంబ్లీ. పదకొండు మంది సభ్యులు, వాళ్లలోంచే ఒక ముఖ్యమంత్రి, ఒక మంత్రి (15 శాతం లెక్క ఇక్కడ చచ్చింది, పట్టించుకోలేదు), ముగ్గురు జడ్జీలు, మిగతా నలుగురు ప్రజలు. స్పీకర్‌గా మాటకారిని పెట్టాను, వాడి నోరు మూయించడానికి ఇంతకంటే మార్గం లేదు, స్పీకర్ ఊరికే చర్చలో దిగకూడదు కదా.

బిల్లు: క్లాసుకి ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆఖర్న హాలు ఊడవాలి. 8 ఓట్లతో పాసైంది. మంత్రి చీపురు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పది నిమిషాలకే నిజంగానే ఒకడు ఆలస్యంగా వచ్చాడు, ఏమీ తెలియకుండా. చీపురు చేతిలో పెట్టారు. వాడు ఊరుకోలేదు, వాళ్ల వీధిలో కుళాయి వచ్చేదే సాయంత్రం, నీళ్లు పట్టి వచ్చానని. "గో టు కోర్ట్" అని స్పీకర్ అరిచాడు.

జడ్జీలు ముగ్గురూ గుసగుసలాడి, కాగితం మీద రాసి చదివారు: 'ద రూల్ ఈజ్ ఓకే. వాటర్ ఈజ్ నాట్ హిజ్ మిస్టేక్. హి డస్ నాట్ స్వీప్.' నేను లోపల గంతులేశాను. అక్కడితో ఆగితే బాగుండేది. జడ్జీలకు ఊపొచ్చి కింద ఇంకో లైను రాశారు, ఇకనుంచి నీళ్లు పట్టేవాళ్లు ఆరున్నరకి రావచ్చు అని. ఐస్ ఫ్యాక్టరీ వాళ్లమ్మాయి అసెంబ్లీలోంచి లేచింది. ముందు ఇంగ్లీష్‌లోనే మొదలుపెట్టింది, "యు జడ్జ్. వి మేక్", తర్వాత కోపం ఎక్కువై తెలుగులోకి వచ్చేసింది: "టైము మార్చేది మీరు కాదు, మేం! మీరు ఆడి సంగతి చెప్పండి చాలు."

పెద్దవాళ్లు టీవీ చానెళ్లలో కూర్చుని ఏళ్ల తరబడి వాదించుకునే విషయం ఇది. జడ్జీలు తగ్గలేదు. మీరు నీళ్ల సంగతి ఆలోచించకుండా రూల్ పెట్టారు కాబట్టే మేం రాశాం అన్నారు. ఇందులో ఎవరిది తప్పో నేను చెప్పలేదు. చివరికి అసెంబ్లీ మళ్లీ కూర్చుని ఆరూ ఇరవై అని సవరణ చేసుకుంది, పది నిమిషాలు పంతం కోసం తగ్గించి. ఎనిమిదిన్నరైంది ఇళ్లకు వెళ్లేసరికి. ఇద్దరి తల్లులు వచ్చి నన్ను నిలదీశారు.

నవంబర్ 15, శనివారం

నగరంలో పెట్టుబడుల సమ్మిట్ హడావుడి. రోడ్లన్నీ మళ్లించేశారు (ఎవరు? పోలీసులు. అలవాటైపోయింది), నేను హాలు చేరేసరికి ఏడు. చట్టప్రకారం నేనే ఊడ్చాను. కోర్టుకి వెళ్లే హక్కు నాకూ ఉందన్నాను గానీ ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు రాలేదు.

నవంబర్ 19, బుధవారం

ఒక చిక్కు. 'ఎవరు' లేకుండా ఇంగ్లీష్ వాక్యం సాగదని గొప్పగా చెప్పాను కదా, ఒకమ్మాయి సోషల్ పుస్తకం ఇంగ్లీష్ పేజీ తెరిచి చూపించింది. అన్నీ 'ఆర్ మేడ్', 'వాజ్ పాస్డ్'. ఎవరో లేరు. పాసివ్ వాయిస్. మనం తెలుగులో దాచేదాన్ని వాళ్లు ఇంకా పెద్దమనిషి తరహాలో దాస్తారన్నమాట. కాసేపు నోట మాట రాలేదు.

తర్వాత అదే ఆటగా మార్చాను. పాసివ్ వాక్యం కనబడితే పెన్సిల్‌తో చివర 'బై' అని రాసి, పక్కన పేరు పూరించాలి. ఒక పేజీలో తొమ్మిది దొరికాయి. ఏడింటికి పూరించారు, రెండింటికి నాకూ తెలియలేదు, ఇంటికొచ్చి మా ఆవిణ్ని అడిగాను.

నవంబర్ 26, బుధవారం

పంతొమ్మిది మందిలో పదహారు మంది వచ్చారు. పదకొండు మంది ఐదు వాక్యాలు చెప్పారు, ముగ్గురు మూడు, నాలుగింటి దగ్గర ఆగారు, ఇద్దరు ఎంత చెప్పినా 'గవర్నమెంట్ డిడ్' దగ్గరే ఉన్నారు. బోటు పిల్లాడివి నాలుగే వాక్యాలు, కానీ ఒకటి ఇది: 'పార్లమెంట్ అండ్ అసెంబ్లీ బోత్ మేక్ లా ఫర్ ఫిష్.' రాసి పెట్టుకున్నాను.

ఆఖర్న రాజ్యాంగ పీఠిక చదివించాను. 1949లో ఇదే రోజున ఆమోదించింది అని చెప్పి (రాజ్యాంగ సభ, వాళ్లు అడక్కముందే చెప్పేశాను), అంత పొడుగూ ఒకటే వాక్యం, సబ్జెక్ట్ ఎక్కడుందో కనుక్కోండి అన్నాను. వెంటనే దొరికింది, మొదట్లోనే ఉంది, 'వి, ద పీపుల్ ఆఫ్ ఇండియా.' క్రియ కోసం మాత్రం చాలాసేపు వెతికారు, అడాప్ట్, ఎనాక్ట్, గివ్ అని చిట్టచివర్లో ఉన్నాయి. స్పీకర్ గారు కార్డు మీద 'వి' అని పెద్దక్షరాల్లో రాసి, డబ్బాల ముందు నిలబడి, "ఇది ఏ డబ్బాలో వెయ్యాలి మేస్టారూ?" అన్నాడు.

నేను చెప్పలేదు. కాసేపు అందరూ తలో డబ్బా పేరు అరిచారు. వాడు ఆఖరికి వల దారంలో ఒక ముడి వదులు చేసి, అందులో ఆ కార్డు గుచ్చేశాడు. బోటు పిల్లాడికి ముడి పాడుచేసినందుకు కోపం వచ్చింది, మళ్లీ బిగించాడు, కార్డు తీయకుండానే.

మిగిలిన పనులు: జిల్లా కోర్టులో ఒకరోజు కూర్చుని చూడటానికి పిల్లల్ని తీసుకెళ్లాలి, ఎవర్ని అడగాలో కనుక్కోవాలి. డబ్బాలకి చీమలు పట్టాయి, స్వీట్ డబ్బాలు కదా, మార్చాలి. మంచం కింద చెట్టు సంగతి మా ఆవిడ రెండోసారి అడిగింది.